క్లబ్బు, చావిడి, కమ్యూనిటీ హాలు: ఎవరి గోడ చరిత్ర అవుతుంది?

మైదుకూరు నాలుగు రోడ్ల కూడలిలో నిలబడి క్లబ్బు యాడుందని అడిగితే పేకాట ఆడే చోటు చూపిస్తారు. కాస్త వయసు మళ్ళినవాళ్ళయితే కాఫీ క్లబ్బును గుర్తు చేసుకుంటారు. "బ్రాహ్మణ కాఫీ క్లబ్" అని బోర్డు కట్టుకున్న హోటళ్ళు ఒకప్పుడు ఆంధ్రదేశంలో చాలా టౌన్లలో ఉండేవి. ఆ బోర్డు కొందరిని లోపలికి పిలిచేది, మాలమాదిగల్ని బయట నిలబెట్టేది. పల్లెటూరి టీ అంగడిలో రెండు గ్లాసుల పద్ధతి ఆ బోర్డుకు తమ్ముడే. ఇక జిల్లా కేంద్రాల్లో ఆఫీసర్ల క్లబ్బులు, టౌన్‌హాళ్ళు. అక్కడ మనవాళ్ళు టెన్నిస్ బంతులు ఏరడానికి, నేల ఊడ్వడానికి పోయినారు. కాబట్టి మన భాషలో క్లబ్బు అనే మాట వినగానే ముందు కనిపించేది తలుపు. ఆ తలుపు ఎవరికి తెరుచుకుంటుంది, ఎవరికి మూసుకుంటుంది అన్నదే ఆ మాటకున్న అసలు అర్థం.

అలాంటి మాటను పట్టుకొని సోవియట్ కార్మికుల క్లబ్బు భవనాల గురించి ఒక దళిత పత్రికలో రాయడమేమిటని కొందరు మిత్రులు అడగొచ్చు. సోవియట్ యూనియన్ 1991లో పోయింది. "సోవియట్ భూమి" పత్రిక నిగనిగలాడే బొమ్మలూ పోయినాయి. విశాలాంధ్ర పుస్తకాల బండిలో చవగ్గా దొరికిన ప్రగతి, రాదుగ ప్రచురణలు ఇప్పుడు పాత పుస్తకాల అంగళ్ళలో వెతుక్కోవాల్సిందే. అయినా ఆ క్లబ్బుల గురించి తెలుసుకోవాలి. ఎందుకంటే, కూడబలుక్కోవడానికి సొంత చూరు లేని మనుషుల కోసం ఒక దేశం పనిగట్టుకొని కొత్త రకం కట్టడాలు కట్టింది. ఆ కట్టడాల్ని చరిత్రగా గుర్తించాలా, కూలగొట్టాలా అనే తగాదా అక్కడ ఇంకా నడుస్తోంది. అదే తగాదా మన వాడల్లో ఏ చప్పుడూ లేకుండా మనకు వ్యతిరేకంగా తీర్పయిపోతోంది.

చూరు లేని కార్మికుడు

విప్లవానికి ముందు రష్యన్ ఫ్యాక్టరీ కార్మికుడికి పని తర్వాత పోవడానికి ఉన్నవి రెండే చోట్లు: చర్చి, సారాయి అంగడి. ఇంట్లో ఒక గదిలో రెండు మూడు కుటుంబాలు. 1917 తర్వాత మొదట్లో కొత్త భవనాలు కట్టే డబ్బు ప్రభుత్వం దగ్గర లేదు. జమీందార్ల మేడలు, షావుకార్ల భవనాలు స్వాధీనం చేసుకొని వాటిలో క్లబ్బులు పెట్టారు. బాకూ నగరంలో ముఖ్తారోవ్ అనే చమురు కోటీశ్వరుడి మేడలో ముస్లిం స్త్రీల కోసం అలీ బైరామోవ్ క్లబ్బు నడిచింది. ఆ క్లబ్బు 1920లో మొదలైంది. ఆడవాళ్ళు అక్కడికి వచ్చి చదువు నేర్చుకున్నారు, కుట్టుపని నేర్చుకున్నారు, ముసుగు తీసి కూర్చున్నారు. పల్లెల్లో గుడిసెల్లోనే పఠనశాలలు నడిపారు. ప్రతి రష్యన్ రైతు ఇంట్లో దేవుడి పటాలు పెట్టుకొనే మూల ఒకటుండేది. ఫ్యాక్టరీల్లో, బ్యారక్‌లలో పత్రికలు, పుస్తకాలు పెట్టే చోటికి "ఎర్ర మూల" అని పేరు పెట్టింది దాన్ని దృష్టిలో పెట్టుకొనే. పాత నమ్మకం ఖాళీ చేసిన చోట కొత్త నమ్మకాన్ని కూర్చోబెట్టడం అన్నమాట.

కానీ దొర మేడ ఎంత పెద్దదైనా దొర బతుకు కోసం కట్టిందే. భోజనాల గది, నాట్యాల గది, నౌకర్లు పోయే వెనక మెట్లు. అందులో వెయ్యి మంది సభ పెట్టుకోలేరు. 1920ల మధ్యకు వచ్చేసరికి కార్మిక సంఘాలు తమ సాంస్కృతిక నిధులతో సొంత భవనాలు కట్టించడం మొదలుపెట్టాయి. ఇక్కడొక సంగతి గుర్తుంచుకోవాలి. ఈ భవనాలు కట్టించమని అడిగింది మంత్రిత్వ శాఖ కాదు, సంఘాలు. మునిసిపల్ కార్మికుల సంఘం, రసాయన కార్మికుల సంఘం ఒక్కొక్కటీ ఆర్కిటెక్టును పిలిచి మాకిది కావాలని చెప్పుకున్నాయి.

అట్లా మాస్కోలో 1927-29 మధ్య లేచిన రెండు భవనాల్ని చూద్దాం. ఒకటి ఇల్యా గోలోసోవ్ గీసిన జూయెవ్ క్లబ్బు. 1905 విప్లవంలో పాల్గొన్న ఒక ట్రామ్ కార్మికుడి పేరు దానికి పెట్టారు. రోడ్డు మూలన నిలువెత్తు గాజు స్తంభం లాంటి గుండ్రటి భాగం, దాని లోపల మెట్లు. మామూలుగా మేడమెట్లు భవనం పొట్టలో ఎక్కడో దాగుంటాయి. ఇక్కడ మెట్లను వీధి మూలకు తెచ్చి గాజు తొడిగారు. రాత్రిపూట దీపాలు వెలిగితే లోపల ఎక్కే దిగే కార్మికులు వీధిలో పోయేవాళ్ళకు కనబడతారు. మా మనుషులు ఇక్కడున్నారని చెప్పే కట్టడం అది.

రెండోది కాన్‌స్టాంటిన్ మెల్నికోవ్ గీసిన రుసకోవ్ క్లబ్బు. మెల్నికోవ్ (1890-1974) పల్లె మూలాలున్న పేద కుటుంబంలో పుట్టినవాడు. ఒక ఇంజనీరు చేరదీసి చదివిస్తే పైకొచ్చాడు. మొదటి తరం చదువరుల సంగతి మనకు చెప్పనక్కర్లేదు. ఆయన గీసిన ఆరు కార్మిక క్లబ్బులు లేచాయి. ఐదు మాస్కోలో, ఒకటి దగ్గర్లోని దులోవో పింగాణీ ఫ్యాక్టరీలో. రుసకోవ్ క్లబ్బు పైనుంచి చూస్తే విసనకర్ర ఆకారం. మెట్టు మీద మెట్టుగా కూర్చునే వరుసలుంటాయి కదా, అట్లాంటి మూడు కాంక్రీటు భాగాలు గోడ దాటి వీధి మీదికి పొడుచుకొచ్చి గాలిలో నిలబడతాయి. ఆ మూడింటినీ విడివిడిగా చిన్న హాళ్ళుగా వాడుకోవచ్చు. అడ్డాలు తీసేస్తే అన్నీ కలిసి వెయ్యి మందికి పైగా పట్టే ఒకే సభాస్థలం. పొద్దున ఇరవై మంది చదువుకునే క్లాసు, సాయంత్రం నాటకం, సమ్మె రోజు మహాసభ. ఒకే భవనం, మనుషుల లెక్కను బట్టి మారుతుంది. వాడిన సామాను ఇటుక, కాంక్రీటు, గాజు. పాలరాయి లేదు, బొమ్మలు చెక్కిన స్తంభం లేదు. లోపల ఏం జరుగుతుందో అదే బయటికి రూపంగా వచ్చింది. వాస్తుశిల్పం పుస్తకాల్లో దీన్ని నిర్మాణవాదం కాలపు గొప్ప కట్టడాల్లో ఒకటిగా చెబుతారు. మెల్నికోవ్ ఆ ముఠాలో చేరకుండా తన దారిన తాను నడిచినవాడే అయినా.

గోడలే కాదు, బల్లలు కూడా. 1925 పారిస్ ప్రదర్శనలో రోద్చెంకో ఒక కార్మిక క్లబ్బు గది నమూనా పెట్టాడు. చదువుకోవడానికి పొడవాటి బల్ల, ఇద్దరు ఎదురెదురుగా కూర్చునే చదరంగం బల్ల, పత్రికలు పెట్టే అమరికలు. ఒంటరిగా వాలిపోయే సోఫా అందులో లేదు. మన కమ్యూనిటీ హాళ్ళలో బల్ల అన్నదే ఉండదు కాబట్టి ఈ మాట చెబుతున్నాను.

ఇదంతా చదివి సోవియట్ దేశం స్వర్గమని అనుకోనక్కర్లేదు. ఆ పని 1970లలో మనవాళ్ళు చేసి చూశారు. క్లబ్బులో ఏ నాటకం ఆడాలో, ఏ ఉపన్యాసం వినాలో పార్టీ నిర్ణయించింది. 1932 తర్వాత ఈ కొత్త రకం కట్టడాలకు కాలం చెల్లింది. క్లబ్బు పోయి "సంస్కృతీ ప్రాసాదం" వచ్చింది. దానికి మళ్ళీ స్తంభాలు, షాండిలియర్లు, పాలరాతి మెట్లు. కార్మికుడికి రాజుగారి మేడ ఇచ్చాం చూడండని చెప్పుకోవడం. తన రూపం తాను వెతుక్కున్న కార్మికుడికి దొర రూపాన్నే పెద్దగా చేసి తొడిగారు. మెల్నికోవ్‌కు 1930ల చివర నుంచి పని లేకుండా పోయింది. తాను కట్టుకున్న గుండ్రటి ఇంట్లోనే మిగిలిన బతుకంతా గడిపాడు. పైనుంచి ఇచ్చే గౌరవం ఎప్పుడూ పైవాడి బట్టలే తొడుగుతుంది. మన వాడల్లో గుడి గోపురం లాంటి ముఖద్వారంతో, కల్యాణమండపం సున్నాల రంగులతో కొత్త హాళ్ళు లేస్తున్నప్పుడు నాకిదే గుర్తుకొస్తుంది.

40 ఏళ్ళు, 100 ఏళ్ళు

సోవియట్ ప్రభుత్వం పోయాక ఫ్యాక్టరీలు మూతబడ్డాయి, సంఘాలు చేవ చచ్చాయి, క్లబ్బులు ఎవరి ఆస్తో తెలియకుండా పోయాయి. కొన్ని ఆఫీసులయ్యాయి, కొన్ని భోజనశాలలయ్యాయి, కొన్ని కురిసే కప్పుల కింద కుళ్ళిపోయాయి. సామాను కొరత కాలంలో ప్రయోగాలు చేస్తూ కట్టినవి కాబట్టి వాటికి రోగాలెక్కువ. చదును కప్పు నీళ్ళు పడతాయి, పలచటి గోడలు, తుప్పు పట్టే ఇనప కిటికీలు. "ఇవి అందమైనవి కావు, పాతవీ కావు, ఎందుకు కాపాడాలి?" అని అడిగేవాళ్ళకు అక్కడ కొదవ లేదు. రుసకోవ్ క్లబ్బు 1998లో ప్రపంచ స్మారక నిధి వారి ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాకెక్కింది. తర్వాత బాగుపడి ఒక నాటక బృందానికి నెలవైంది. జూయెవ్ క్లబ్బులో ఇప్పటికీ నాటకాలు, పిల్లల క్లాసులు నడుస్తున్నాయి. ఉక్రెయిన్‌లో ఖార్కివ్ రైల్వే కార్మికుల సంస్కృతీ ప్రాసాదం ముందు గోడ అకార్డియన్ పెట్టె మడతల్లా ఉండేది. 1932కి పూర్తయిన ఆ భవనం 2022 ఆగస్టులో రష్యా దాడిలో కాలిపోయింది. కార్మికులు కట్టుకున్న భవనాన్ని ఆ కార్మికుల వారసులమని చెప్పుకొనే దేశమే కాల్చింది.

ఇక్కడ నేను చెప్పదలుచుకున్న అసలు సంగతికి వస్తాను. రష్యాలో 2002 నాటి వారసత్వ చట్టం ప్రకారం ఒక కట్టడానికి కనీసం 40 ఏళ్ళు నిండితే దాన్ని సంరక్షిత జాబితాలోకి తీసుకోవచ్చు. మన దేశంలో 1958 నాటి పురాతన కట్టడాల చట్టం ప్రకారం జాతీయ ప్రాముఖ్యం రావాలంటే కట్టడానికి కనీసం 100 ఏళ్ళు ఉండాలి.

ఈ 100 అన్న అంకె చూడ్డానికి ఏ కులమూ లేని అంకె. కానీ ఆలోచించండి. 100 ఏళ్ళ కిందట మాలపల్లెలో, మాదిగగేరిలో పక్కా గోడ ఎవరిది? బోదకప్పు గుడిసెలు, మట్టి గోడలు. చెరువు గండి పడితే కొట్టుకుపోయినవి, ఊరి కక్షల్లో తగలబడినవి. పెద్ద కులాల వీధిలో మాదిరి రాతి మిద్దె కట్టుకునే డబ్బు లేదు. డబ్బున్న ఒకరిద్దరికి కట్టుకునే ధైర్యం లేదు. నిలిచే గోడ కట్టుకునే హక్కే లేని జనాన్ని నీ గోడ వయసెంత అని అడగడంలోనే కులం ఉంది. గండికోటకు, పుష్పగిరికి వయసుంది. సి.పి. బ్రౌన్ బంగళా స్థలంలో గ్రంథాలయం లేచింది. మంచిదే, అది మన జిల్లాకు గర్వమే. కానీ ఆ కోటకు రాళ్ళు మోసినవాళ్ళ, ఆ బంగళాకు నీళ్ళు మోసినవాళ్ళ కట్టడం ఏదని అడిగితే జాబితాలో జాగా లేదు.

సికిందరాబాద్ క్లబ్బు 1878 నాటిది. 2022 జనవరిలో దాని పాత భవనం కాలిపోతే వారసత్వ సంపద పోయిందని పత్రికలన్నీ రాశాయి. నిజమే, మంచి కట్టడం. అదే నగరంలో చాదర్‌ఘాట్ దగ్గర ఆది హిందూ భవన్ ఉంది. భాగ్యరెడ్డి వర్మ (1888-1939) ఉద్యమానికి, మాలమాదిగ పిల్లల చదువుకు, సభలకు అది ఆయువుపట్టు. మాస్కో కార్మికుల క్లబ్బుకేం విలువ ఉందో దీనికీ అదే విలువ. కానీ హైదరాబాదు కట్టడాల గురించిన మాటల్లో చార్మినార్ దగ్గర మొదలుపెట్టి రెసిడెన్సీ దగ్గర ఆగిపోతారు. అంతకంటే ముందే, 20వ శతాబ్దం తొలి ఏళ్ళలో, కోలారు బంగారు గనుల్లోని మారికుప్పంలో అయోతీదాసు పండితుడి ప్రేరణతో దళిత కార్మికులు బౌద్ధ సంఘం పెట్టుకొని సభలు నడుపుకున్నారు. రష్యన్ కార్మికుడికి క్లబ్బు రాకముందే మన కార్మికుడు ఆ పని మొదలుపెట్టినాడు. గనులు 2001లో మూతపడ్డాయి. కె.జి.ఎఫ్. అనగానే ఇప్పుడు జనానికి గుర్తొచ్చేది సినిమా.

కడప జిల్లా మాటలో

ఊళ్ళో కూడే చోటు చావిడి. రచ్చబండ, గుడి అరుగు, సత్రం కూడా. వీటిలో ఏ ఒక్కటీ మనది కాదు. మనకు సంబంధించిన తీర్పు కూడా అక్కడే జరుగుతుంది, మనం మాత్రం దూరంగా చేతులు కట్టుకొని నిలబడాలి. మద్రాసు రాష్ట్రంలో 1938లో పౌర అసమర్థతల తొలగింపు చట్టం వచ్చింది. బావి, దారి, ప్రజా సంస్థ ఎవరికీ కాదనరాదని. చట్టం కాగితం మీదికి వచ్చింది, చావిడి అరుగు మీదికి రాలేదు.

మన జిల్లాలో అంటరానివాళ్ళకు మొదట సొంత చూరు ఇచ్చింది మిషన్. లండన్ మిషనరీ సొసైటీ కడపలో 1822లోనే కాలు పెట్టింది. 19వ శతాబ్దం మధ్య నుంచి మాలలు పల్లెకు పల్లెగా చేరారు. జమ్మలమడుగు క్యాంప్‌బెల్ ఆసుపత్రి అందరికీ తెలిసిందే. అటు కర్నూలు వైపు నంద్యాల, ముత్యాలపాడు ఇంకో మిషన్ కేంద్రాలు. కానీ నేను చెప్పేది పెద్ద చర్చీల గురించి కాదు. వాడల్లో కట్టిన చిన్న ప్రార్థనగది గురించి. వారం రోజులూ అది బడి, ఆదివారం గుడి, రాత్రి పంచాయితీ. చిన్న రాతి గోడలు, నాపబండ కప్పు, ఒక గంట. దాన్ని మతం కిందనే లెక్కవేసి పక్కన పెట్టే మన మేధావులు దాని ప్లాను చూడాలి. ఒకే గది రోజుకు మూడు పనులకు మారుతుంది. మెల్నికోవ్ కాంక్రీటుతో ఆలోచించిందీ అదే. ఆ గదిలో పలక పట్టినవాళ్ళ మనవలే తర్వాత టీచర్లు, నర్సులు అయినారు.

రెండో రకం, ప్రభుత్వం కట్టిన కమ్యూనిటీ హాళ్ళు. మొదట వాటి మీద "హరిజనవాడ" అని రాసేవాళ్ళు. 1979లో షెడ్యూల్డ్ కులాలకు ప్రత్యేక ప్రణాళిక అంటూ వచ్చాక ఇవి పెరిగాయి. కారంచేడు (1985), చుండూరు (1991) తర్వాత వాటి పేర్లు మారాయి. మనవాళ్ళే పేరు కొట్టేసి "అంబేద్కర్ భవనం" అని రాసుకున్నారు. ఇంజనీరు దృష్టిలో అది ఒక దీర్ఘచతురస్రం, రెండు తలుపులు, నాలుగు కిటికీలు, ముందర చిన్న వరండా. వాడకంలో అది ఎన్నో. పెళ్ళి విడిది, రాత్రి బడి, పింఛన్ల పంపిణీ, వాన కురిసే రాత్రి కూలిన ఇళ్ళవాళ్ళ నెలవు, గొడవ జరిగితే ఆడవాళ్ళు పిల్లల్ని తీసుకొని తలుపేసుకునే చోటు. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. నేను పదో తరగతి చదివింది ఆ హాలు వరండాలో బల్బు కింద. మా ఇంట్లో కరెంటు లేక కాదు, ఒక గదిలో ఆరుగురం పడుకుంటే దీపం ఆర్పాలి కదా. ఆ వరండాలో నాతోపాటు ఇంకో నలుగురు ఉండేవాళ్ళు.

మైదుకూరు చుట్టుపక్కల పల్లెల్లో ఈ హాళ్ళను ఇప్పుడు చూస్తే గుండె తరుక్కుపోతుంది. కొన్నిటికి తాళం, తాళంచెవి వాడలో ఉండదు. కొన్ని ఎరువుల మూటలకు, ఉల్లిగడ్డలకు గోడౌన్లు. కొన్నిచోట్ల ఏదో ఒక సర్కారు ఆఫీసు వచ్చి కూర్చుంది. సంఘం సభ పెట్టుకోవాలంటే ఆ ఆఫీసు దయ ఉండాలి. ఒక ఊళ్ళో హాలు కురుస్తోందని అర్జీ పెడితే, మరమ్మతుకు నిధి లేదు, కూలగొట్టి కొత్తది కట్టుకుంటే నిధి ఉందని ఒక కార్యాలయంలో నాతో చెప్పినారు. మరమ్మతుకు శంకుస్థాపన ఉండదు, శిలాఫలకం ఉండదు. శిలాఫలకం లేని పనికి నాయకుడు రాడు, కాంట్రాక్టరూ రాడు. పాత హాలు మీద వాడ పెద్దలు రాసుకున్న చందాదారుల పేర్లుంటాయి, కొత్త హాలు మీద ఎమ్మెల్యే పేరు ఉంటుంది. కూల్చివేతలో పోయేది ఆ చందాదారుల పేర్లు.

ఇంకో చేదు సంగతి కూడా మాట్లాడుకోవాలి. ఒకే వాడకు రెండు హాళ్ళు: మాలలకు అంబేద్కర్ భవనం, మాదిగలకు జగ్జీవన్ రామ్ భవనం. 1994లో దండోరా మొదలైన తర్వాత ఇది వచ్చిందని కొందరంటారు. అది తప్పు. మొదటి హాలు ఏ పక్క కట్టారో, తాళంచెవి ఎవరి మొలతాడుకు ఉందో మాదిగలు దండోరాకు ముందు నుంచే చూస్తున్నారు. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణ చెల్లుతుందని తీర్పు ఇచ్చింది. ఉద్యోగాల వాటా సంగతి అట్లా ఉంచి, హాలు వాటా గురించి కూడా మనలో మనం నిజాయితీగా కూర్చోవాలి. హాలును కాపాడడం అంటే దాన్ని ముందు అందరి హాలుగా చేసుకోవడం. ఆడవాళ్ళ సంగతి మరీను. సభల్లో వెనక వరసలో కూర్చోబెట్టి, సభ లేనిరోజు మగవాళ్ళు చీట్లాడుతుంటే వాళ్ళు లోపలికే రారు. అది పేకాట క్లబ్బే, బోర్డు మీద ఎవరి పేరున్నా. బాకూ ఆడవాళ్ళు వందేళ్ళ కిందట తమకంటూ క్లబ్బు అడిగింది ఇందుకే.

దాదర్‌లో ఒక రాత్రి

ఇదంతా పల్లెటూరి చిన్న సంగతి అనుకునేవాళ్ళు బొంబాయి సంగతి వినాలి. దాదర్‌లో అంబేద్కర్ భవన్, దాని ఆవరణలో బాబాసాహెబ్ పత్రికలు అచ్చయిన బుద్ధభూషణ్ ప్రెస్ ఉండేవి. అవి పీపుల్స్ ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టువి. ఆ ట్రస్టును పెట్టింది బాబాసాహెబే. 2016 జూన్ 25 తెల్లవారకముందే బుల్‌డోజర్లు వచ్చాయి. భవనం శిథిలమైందని, ఆ స్థలంలో 17 అంతస్తుల కొత్త భవనం కడతామని ట్రస్టు పక్షం చెప్పింది. జనం వేలల్లో వీధికెక్కారు. గోడలు మాత్రం తిరిగి రాలేదు. కూల్చినవాళ్ళు శత్రువులు కారు, బాబాసాహెబ్ ట్రస్టువాళ్ళే. పాతది చిన్నది, కొత్తది పెద్దది, పెద్దదే గౌరవం అన్న లెక్క మనవాళ్ళ బుర్రల్లోకి కూడా వచ్చిందన్నమాట. ఆ తర్వాత హైదరాబాదులో 2023 ఏప్రిల్‌లో, విజయవాడలో 2024 జనవరిలో 125 అడుగుల విగ్రహాలు లేచాయి. నాకు విగ్రహాల మీద కోపం లేదు. మా వాడలో చిన్న విగ్రహం పెట్టుకోవడానికి మావాళ్ళు తన్నులు తిన్నారు. కానీ ఆ ప్రెస్ గోడలో ఒక్క ఇటుక అయినా మిగిలుంటే, బాబాసాహెబ్ చేసిన పని ఏమిటో అది విగ్రహం కంటే ఎక్కువ చెప్పేది.

రష్యాలో ఇంకో రకం ప్రమాదం కూడా కనబడుతుంది. మాస్కోలో నర్‌కోమ్‌ఫిన్ అని 1930 నాటి సామూహిక నివాసం ఉంది. ఉమ్మడి వంటశాల, ఉమ్మడి చదువుగది ఆలోచనతో కట్టింది. దాన్ని గీసిన మోయిసేయ్ గింజ్‌బుర్గ్ మనవడే 2017-20 మధ్య ఎంతో శ్రద్ధగా బాగుచేశాడు. గోడ రంగు దగ్గర నుంచి కిటికీ చట్రం దాకా పాతదానిలాగే. ఇప్పుడక్కడ ఉండేది ధనికులు. గోడ మిగిలింది, గోడ ఎవరి కోసమో ఆ మనుషులు పోయారు. కాబట్టి కట్టడాన్ని కాపాడడం అంటే పురావస్తు శాఖవాళ్ళ నీలిరంగు బోర్డు తగిలించడం ఒక్కటే అనుకుంటే మనం మోసపోతాం. జూయెవ్ క్లబ్బు బతికింది వాడకం ఆగనందువల్ల.

చేతిలో పని

విద్యార్థి మిత్రులు, టీచర్లు చేయగలిగిన పని కొంత ఉంది. మొదటిది కాగితం. హాలు ఉన్న స్థలం ఎవరి పేరున ఉంది? పంచాయతీ ఆస్తుల రిజిస్టరులో ఉందా, సాంఘిక సంక్షేమ శాఖ పేరున ఉందా, ఎవరో రైతు ఇచ్చిన నోటిమాట దానమా? నోటిమాట దానాలే ఎక్కువ. ఇచ్చినవాడి కొడుకు కాలానికి భూమి ధర పెరిగితే ఆ మాట చెల్లదు. సర్వే నంబరు, కొలతలు, హద్దులు రాసుకొని గ్రామసభలో తీర్మానం చేయించాలి. సమాచార హక్కు చట్టం (2005) కింద ఎంత నిధితో, ఏ పథకంలో కట్టారో అడగొచ్చు. ఇది చేస్తే కూల్చే ముందు ఎవరినైనా అడగాల్సి వస్తుంది.

రెండోది ఒళ్ళు. పాత ప్రార్థనగదులు, మొదటితరం హాళ్ళు చాలావాటికి సున్నం లేదా మట్టి కట్టుబడి, పైన దూలాలు, దంతెలు, నాపబండలు, వాటిపైన చవుడు మన్ను. ఈ సీమ ఎండకు ఇంతకంటే చల్లటి కప్పు లేదు. ఏటా తొలకరికి ముందు పైన చవుడు చల్లి దిమ్మిస చేసేవాళ్ళు. ఆ పని ఆగిపోవడం వల్లే కురుస్తాయి. దానికి మందుగా పైన సిమెంటు కాంక్రీటు పోస్తారు. బరువుకు దంతెలు వంగుతాయి, పగులుల్లోంచి నీళ్ళు దిగుతాయి. సున్నపు గోడకు సిమెంటు పూత వేస్తే లోపలి తేమ బయటికి పోలేక గోడ ఉబ్బి పెచ్చులూడుతుంది. మన వాడల్లోనే ఇంకా బతికున్న ముసలి బేల్దార్లకు, వడ్డెర రాళ్ళపనివాళ్ళకు ఈ సంగతులన్నీ తెలుసు. ఇంజనీర్లకు ఇచ్చే కూలి వాళ్ళకిస్తే చాలు. తర్వాతి కాలపు స్లాబు హాళ్ళయితే రోగం వేరు. ఉప్పునీళ్ళతో కలిపిన కాంక్రీటులో కమ్మి తుప్పు పట్టి ఉబ్బుతుంది, అడుగున పెచ్చు రాలుతుంది. వదులైన కాంక్రీటు చెక్కి, కమ్మి శుభ్రంగా గీకి, తుప్పు ఆగే పూత వేసి, మళ్ళీ గట్టిగా నింపి, పైన నీళ్ళు నిలవకుండా వాలు సరిచేస్తే చాలా స్లాబులు ఇంకో ఇరవై ఏళ్ళు నిలుస్తాయి. కమ్మిని తుప్పు బాగా తినేసి ఉంటే మాత్రం ప్రేమతో లాభం లేదు, కింద పిల్లలు కూర్చుంటారు. అప్పుడు కూల్చాల్సిందే, కూల్చే ముందు కొలతలు తీసి, ఫోటోలు తీసి, చందాదారుల పేర్ల బండను జాగ్రత్తగా ఊడదీసి కొత్త గోడలో పెట్టించాలి.

మూడోది నోరు. ఆ హాలుకు బండలు ఎవరి బండి మీద వచ్చాయి, ఎన్ని రోజుల కూలి వదులుకొని కట్టారు, తొలి సభలో ఎవరు మాట్లాడారు, ఏ రాత్రి తలుపేసుకొని దాక్కున్నారు. ఈ సంగతులు చెప్పేవాళ్ళు ఇప్పుడు డెబ్బై, ఎనభై ఏళ్ళవాళ్ళు. మన యూనివర్సిటీల్లో పి.హెచ్‌డి. చేసే పిల్లలకు అంశాలు దొరకడం లేదంటారు. ఒక్కో మండలంలోని హాళ్ళన్నిటినీ కొలిచి, ప్లాను గీసి, వాటి కథలు రాసుకున్నా ఒక పుస్తకమవుతుంది. రాష్ట్ర వారసత్వ జాబితాలకు వయసు 40 ఏళ్ళకు తగ్గించాలని అడగడానికి చేతిలో ఆధారం ఉంటుంది. మైదుకూరు, దువ్వూరు, ఖాజీపేట, చాపాడు, బ్రహ్మంగారిమఠం, ఈ ఐదు మండలాలతో మొదలుపెట్టొచ్చు. టేపు, నోటుపుస్తకం, ఒక ఫోను చాలు. పోయేటప్పుడు తాళంచెవి ఎవరి దగ్గరుందో ముందు కనుక్కొని పోవాలి.